పది జానల వాసం

ఆ వేసవి అంతా మా ఇంట్లో ఒకరినొకరు ఓరకంట చూసుకుంటూనే గడిపాం. టీ పోసేవాళ్ళని తాగేవాళ్ళు, తాగేవాళ్ళని పోసేవాళ్ళు. ఆఖరికి వాకిట్లో కుక్క కూడా నేను సంచీ భుజాన వేసుకుంటే గేటుదాకా వచ్చి, దాన్ని వాసన చూసి గానీ వెనక్కి వెళ్ళేది కాదు.

సరస్సు ఒడ్డున ఉన్న వృత్తి విద్యాలయంలో నేను లెక్కల టీచర్ని. వడ్రంగం, వెల్డింగు, కుట్టుపని నేర్చుకునే పిల్లలకి లెక్కలు చెబుతాను. "లెక్కలు రాని పిల్లలే కదా అక్కడికొచ్చేది, వాళ్ళకి మళ్ళీ లెక్కలేంటి?" అని మా పెళ్ళిలోనే ఎవరో నా మొహం మీద అడిగారు. రాకపోబట్టే కదా చెబుతున్నాను, వచ్చేస్తే ఇక నాతో పనేముంది?

మా మామగారు గుడారాల ఉస్తా, అంటే వాటిని చేసే పెద్ద పనివాడు. ఆయన పేరు రాయను. మామగారి పేరు కోడలి నోట రాకూడదు మా దగ్గర. రాయకూడదని ఎవరూ అనలేదు గానీ నాకు చెయ్యి ఆడదు. పశువుల్ని తోలుకుని కొండ మేతలకి వెళ్ళేవాళ్ళ ఉన్ని గుడారాలకి కొయ్య చట్రం చేసేది ఆయనే. చుట్టూ అల్లిక గోడ, దాని మీంచి పైకి లేచే వాసాలు, ఆ వాసాల కొసలన్నిటినీ పట్టుకుని నడినెత్తిన కూర్చునే చక్రం. మేకు ఒక్కటుండదు. ఒకటి కుదరకపోతే ఏదీ నిలబడదు.

ఆయన ఇనప టేపు ముట్టరు. ఏటా మంచు కరగ్గానే విల్లో కర్ర ఒకటి ఎంచి, కుడిచెయ్యి బొటనవేలి నుంచి నడిమివేలిదాకా సాచి, పది జానలు కొలిచి కోస్తారు. ఆ ఏడు వాసాలన్నిటికీ అదే కొలత కర్ర. ఆకురాలే కాలంలో ఆఖరి గుడారం గేటు దాటగానే దాన్ని పొయ్యిలో పెట్టేస్తారు. కర్ర మిగిలితే ఎవడైనా ఎత్తుకుపోతాడని భయం. "నా జాన నాతోనే ఉంటుంది. దాన్నెవడు ఎత్తుకెళ్తాడు?" అనేవారు.

ఎత్తుకెళ్ళేవాడెవడో కూడా ఆయన మనసులో ఖాయం. జిల్లా ఊళ్ళో యంత్రాలు పెట్టి గుడారాలు చేసే రిస్బెక్. వాడి గుడారాలు గాలికి మూలుగుతాయని, మా మామగారివి మూలగవని కొండ మీద అందరూ అంటారు.

ఆ చలికాలంలో మా డైరెక్టరు నన్ను పిలిచి, వడ్రంగి తరగతికి పని నేర్చుకునే చోటు లేకపోతే సెప్టెంబరులో ఆ తరగతి ఎత్తేస్తామని చెప్పారు. పద్నాలుగు మంది పిల్లలు. తరగతి పోతే వాళ్ళ చదువు పోతుంది, వాళ్ళతో పాటు నా ఉద్యోగమూ పోతుంది. అందుకని నెల రోజులు మామగారి వెనకాలే తిరిగాను. టీ ఇస్తూ అడిగాను, బూట్లు ఆరబెడుతూ అడిగాను. చివరికి విసుగెత్తి ఒప్పుకున్నారు.

"రానీ. కానీ ఒక్కమాట. కర్ర ముట్టుకోవచ్చు, కొయ్య కొయ్యొచ్చు. కాగితం మీద మాత్రం ఒక్క గీత పడకూడదు నా పనిశాలలో."

"లెక్కల పాఠం కాగితం లేకుండా ఎలా చెప్పను మామయ్యా?"

"అది నీ తంటా."

సరే, నేల మీద బొగ్గుతో చెప్పాను.

ఏప్రిల్‌లో మొదటి పాఠం ఇప్పటికీ గుర్తుంది. పైచక్రం చుట్టుకొలత అయిదు మీటర్లు, దాని అంచున ఎనభై అయిదు రంధ్రాలు పడాలి. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరమెంత? గుల్జిగిత్ అని ఒక పొడుగాటివాడు ఉండేవాడు, నోరు మూసుకోవడం చేతకాదు వాడికి. ముందు వాడే లేచాడు.

"అయిదు పాయింట్ ఎనిమిదెనిమిది ఏదో వస్తోంది టీచరక్కా. ఆరు వేసేసుకుందాం. ఆ మాత్రం దానికి ఎవడు చూడొచ్చాడు?"

"వేసుకో. ఎనభై అయిదు ఆర్లెంత?"

వాడు వేళ్ళు మడుచుకుంటుంటే పక్కనున్న పిల్ల అంది, "అయిదొందల పది."

"చక్రం ఎంత?"

"అయిదొందలు."

"మిగతా పది సెంటీమీటర్ల రంధ్రాలు ఎక్కడ పెడతావురా, నీ నెత్తి మీదా?"

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. తర్వాత దారం తెచ్చి, చక్రానికి చుట్టి, దాన్ని అయిదు సమభాగాలుగా మడిచి, ఒక్కో భాగాన్ని మళ్ళీ పదిహేడు చేయడం ఎలాగో తంటాలు పడుతూ వాళ్ళే కనుక్కున్నారు. ఒక్కచోట వెంట్రుకవాసి తప్పు ఎనభై అయిదుసార్లు పోగుపడితే ఏమవుతుందో పుస్తకంలో చెబితే ఆ పిల్లలకి ఎక్కదు. కొయ్య మీద చెబితే జన్మలో మరిచిపోరు.

తలెత్తి చూస్తే మామగారు తలుపు వెనక నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచో.

"ఆ రంధ్రాల లెక్క నీకెవరు చెప్పారు?" అన్నారు.

"ఎవరు చెప్పడమేంటి మామయ్యా. భాగహారమే కదా."

"ఊఁ," అన్నారు. ఆ ఊఁకి అర్థం నేను సాయంత్రం దాకా వెతుక్కున్నాను.

పిల్లలు మే నెలంతా పనిచేశారు. ఆ ఏటి పెద్ద పని జుమకదీర్‌ది. ఆయన గుడారం పన్నెండేళ్ళ కిందట మా మామగారు చేసిందే. మేత నుంచి దిగుతుంటే లారీ బోల్తాపడి ఇరవై నాలుగు వాసాలు విరిగాయి, వాటికి కొత్తవి కావాలి. మామగారు కొలత కర్ర ఇచ్చారు, పిల్లలు దాని పక్కన పెట్టి కోశారు, ఆయన ఆవిరి పట్టి వంచారు, మా అత్తగారు ఎర్రరంగు పూసింది. జూన్ మొదట్లో వాసాలు కొండెక్కాయి.

జూన్ ఆఖర్లో దిగొచ్చాయి.

జుమకదీర్ లారీ మీంచి వాసాల కట్ట దింపి వాకిట్లో పడేశాడు. నెమ్మదైన మనిషి, కోపం కూడా నెమ్మదిగానే వస్తుంది. లారీలోంచి తన పాత వాసం ఒకటి తీసి కొత్తదాని పక్కన నిలబెట్టాడు. కొత్తది బెత్తెడుకి పైగా పొట్టి.

"చక్రం అందుకోవట్లేదు ఉస్తా. ఒక పక్కకి ఒరిగిపోతోంది. ఇరవై రోజులు మా ఆడవాళ్ళు పక్కింటి గుడారంలో పడుకున్నారు. మీ చేతి పని ఇలా ఉంటుందని నేనెవరికి చెప్పుకోను?"

మామగారు రెండు వాసాల్నీ చూశారు. పనిశాలలోకి వెళ్ళి కొలత కర్ర తెచ్చారు. కొత్త వాసానికి ఆనించారు. సరిగ్గా సరిపోయింది. పాతదానికి ఆనించారు. చాలలేదు.

"కర్ర కూడా కోశారు," అన్నారు.

ఎవరో ఒకరు మధ్యలో ఎప్పుడో కర్ర కొస కోసేశారన్నమాట. వాసాలు పాడైతే పిల్లల పొరపాటు అనుకోవచ్చు. కర్ర కోస్తే అది పొరపాటు కాదు, కుట్ర. మామగారు ఆ మాట అనలేదు. నా వైపు చూశారు, అంతే. తర్వాత ఆ కర్రని మోకాలి మీద రెండు ముక్కలు చేసి టీ నీళ్ళు కాచే సమోవార్ కింద మంటలో పెట్టారు.

"ఆగస్టులో మేత నుంచి దిగినప్పుడు రా జుమకదీర్," అన్నారు. "అప్పటికి తేలుస్తాను. నా ఇంటి తప్పయితే నేను మోస్తాను. ఈ పిల్లలదైతే ఒక్కడు కూడా మళ్ళీ ఈ గడప తొక్కడు."

గడప తొక్కకపోతే తరగతి లేదు.

అక్కడి నుంచి మొదలైంది. మొదట నేను అనుమానించింది నా పిల్లల్నే. మర్నాడు తరగతిలో తలుపు వేసి ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి అడిగాను. ఎవరికీ ఏమీ తెలియదు. గుల్జిగిత్ మాత్రం నీళ్ళు నమిలాడు. ఎప్పుడూ వాగేవాడు నేల చూపులు చూస్తుంటే ఎవరికి అనుమానం రాదు?

"ఏమైందిరా?"

"ఏం లేదు టీచరక్కా. కడుపునొప్పి."

తర్వాత రిస్బెక్‌ని అనుమానించాను. ఎందుకంటే, ఈ మాట ఇంట్లో చెప్పలేదు గానీ, మే నెలలో వాడు విద్యాలయానికి వచ్చాడు. వాకిట్లో నన్ను ఆపి, "మీ మామగారి పది జానలు సెంటీమీటర్లలో ఎంతో ఒక్క ముక్క చెప్పమ్మా, మీ వడ్రంగి తరగతికి నా పనిశాల ఇస్తాను," అన్నాడు. కుదరదన్నాను. అయినా చీటీ మీద ఫోను నంబరు రాసి చేతిలో పెట్టిపోయాడు. పారేద్దామనుకుని సంచీలో వేసి మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయాను. ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు?

ఎవరూ నమ్మలేదు. నా భర్త మెదెర్ రోడ్డు పని మీద కొండ అవతల ఉండి ఆదివారాలు వచ్చేవాడు. ఒక ఆదివారం ఆ చీటీ పళ్ళెం పక్కన పెట్టి అడిగాడు.

"అమ్మ నీ సంచీ ఉతుకుతుంటే దొరికిందట. ఏంటిది?"

"నంబరు."

"అది నాకూ కనిపిస్తోంది సైరా. వాడితో నీకు పనేంటి?"

చెప్పాను. జరిగింది జరిగినట్టే చెప్పాను. అతను విన్నాడు, తలూపాడు, చీటీ మాత్రం జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబులో పెట్టుకోవడం నాకు చెంపదెబ్బలా తగిలింది. అటు గదిలో అత్తగారూ మామగారూ ఏదో గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. నేను గడప దగ్గరికి వెళ్ళేసరికి ఆపేశారు. అత్తగారు ఆయన చొక్కా మీంచి చెయ్యి తీసేసింది, దొరికిపోయినట్టు.

సరిగ్గా అప్పుడు నాకు మూడో అనుమానం పుట్టింది. చెప్పుకోవడానికే సిగ్గు. మామగారే కోశారేమో. పిల్లల్ని రానిచ్చింది ఇష్టం లేక కదా. వాసాలు పాడుచేసి, నింద వాళ్ళ మీద వేసి, తరగతి మూయించి, కోడల్ని ఇంట్లో కూర్చోబెట్టాలని ఆయన ఎత్తేమో. ఇంతగా అనుకున్నాక ఇక ఆ మనిషికి టీ పోయడం ఎంత కష్టమో నాకే తెలుసు.

అనుమానంతో కూర్చుంటే ఏదీ తేలదని, జూలైలో ఒక శుక్రవారం మామగారు నమాజుకి వెళ్ళిన వేళ టేపు తీసుకుని వాకిట్లో పడున్న కట్ట విప్పాను. ఇరవై నాలుగూ కొలిచాను. రెండు వందల నాలుగు సెంటీమీటర్లు. ఇరవై నాలుగూ అంతే. చిలిపితనానికి కోసినవైతే ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా ఉండాలి. ఇవి గీత గీసినట్టున్నాయి. అంటే కోసిన చేతులు సరిగ్గానే కోశాయి. తప్పు కొలతలో ఉంది.

జుమకదీర్ వదిలేసిపోయిన పాత వాసం రెండు వందల పదహారు.

పనిశాల వెనక సామాను కొట్టు ఉంది. ఏటా మిగిలిన రెండు మూడు వాసాల్ని మామగారు కట్టకట్టి, బొగ్గుతో ఏడాది రాసి, దూలాల మీదికి ఎక్కిస్తారు. నిచ్చెన వేసుకుని వరసగా అయిదేళ్ళవి కొలిచాను. అన్నిటికంటే పాతది రెండు వందల పదహారు. తర్వాతది పదహారే. తర్వాత పద్నాలుగు, పదకొండు, ఎనిమిది. ఈ ఏటిది నాలుగు. అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను, కాగితం కాదు కదా అని.

"అక్కడేం చేస్తున్నావ్?"

కింద అత్తగారు. నిచ్చెన మీంచి పడబోయి నిలదొక్కుకున్నాను.

"సాలెగూళ్ళు దులుపుతున్నా అత్తయ్యా."

ఆవిడ నా చేతిలో టేపు చూసింది. నా అరచెయ్యీ చూసింది. ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. దాంతో మరీ భయమేసింది నాకు.

మర్నాడు తరగతిలో, ఇవేమిటో చెప్పకుండా, ఆ అంకెలు బోర్డు మీద రాసి గ్రాఫు గీయమన్నాను. అడుగున ఏళ్ళు, పక్కన అంకెలు. ఏదో ఒకటి కనబడుతుందని ఆశ. ఆ పిల్లలు గ్రాఫులంటే పారిపోయేవాళ్ళు ఒకప్పుడు. ఇప్పుడు చుక్కలు పెట్టి గీత కలిపేశారు. గీత కాసేపు తిన్నగా పోయి తర్వాత కిందికి దిగింది, ఏటేటా ఇంకాస్త.

"ఎవరో కోస్తున్నట్టుందా?" అని అడిగాను.

"లేదు టీచరక్కా," అన్నాడు గుల్జిగిత్. "కోసేవాడైతే ఒక్కసారే కోస్తాడు కదా. ఇది మా తాత బరువులా ఉంది. ఆస్పత్రి పుస్తకంలో అచ్చం ఇలాగే రాసేవాళ్ళు. ఏడాదికింత, ఏడాదికింత."

"వచ్చే ఏడు రెండొందలు," అంది చుక్కలు పెట్టిన పిల్ల, గీత పొడిగిస్తూ.

నేను డస్టరు తీసుకుని బోర్డంతా తుడిచేశాను. ఎందుకు తుడిచారని అడిగారు. గంట కొట్టారన్నాను. ఇంకా కొట్టలేదు.

ఇంటికొచ్చి మామగారికి టీ ఇస్తూ మొదటిసారి ఆయన చెయ్యి చూశాను. ఆరేళ్ళుగా టీ ఇస్తున్నాను, మొహం చూశాను గానీ చెయ్యి చూడలేదు. ఆయన గిన్నెని వేళ్ళతో పట్టుకోలేదు. రెండు అరచేతుల మధ్య ఇరికించి ఎత్తారు. నడిమివేలు కణుపు దగ్గర ఉబ్బి లోపలికి వంగి ఉంది. తిన్నగా సాచలేని చెయ్యి. పది జానల్లో ఒక్కో జానకి సెంటీమీటరుకి కాస్త ఎక్కువ పోయింది. కర్ర ఏటా ఆ చేత్తోనే పుట్టింది, ఏటా పొయ్యిలో పోయింది. గుడారం మొత్తం ఒకే కర్రకి చేస్తే తేడా కనబడదు, పాత వాసాల మధ్య కొత్తవి పెట్టబట్టే బయటపడింది. పాత కర్ర ఒక్కటి మిగిలి ఉంటే ఆయనకే తెలిసుండేది.

కోసింది ఎవరూ కాదు.

అత్తగారు నన్ను సమోవార్ దగ్గరికి, ఎవరూ వినని చోటికి పిలిచింది.

"కనుక్కున్నావు కదా."

"మీకు తెలుసా అత్తయ్యా?"

"కొలతల సంగతి నాకేం తెలుసు. నిన్న నీ అరచెయ్యి చూశాకే అర్థమైంది. వేళ్ళ సంగతి తెలుసు. మూడేళ్ళుగా ఆయన బొత్తాలు నేనే పెడుతున్నాను. నీకు కూడా తెలియకూడదని తలుపు వేసుకుని మరీ పెడుతున్నాను." ఆవిడ బొగ్గులు కదిపింది. "వేళ్ళు నొప్పి అనుకుంటున్నారు తప్ప, పని చెడుతోందని ఆయనకి తెలియదు. తెలిస్తే పనిశాల తలుపు మళ్ళీ తెరవరు. గోడకి తిరిగి పడుకుంటారు. వాళ్ళ నాన్న అలాగే పోయాడు. నోరు మూసుకో తల్లీ. నీకు దణ్ణం పెడతాను."

"మరి నా పిల్లలు?"

ఆవిడ సమోవార్ మూత తీసి నీళ్ళు పోసింది. ఆరేళ్ళలో ఆవిడ నన్ను తల్లీ అనడం అదే మొదటిసారి. అడగడానికి అంతకంటే మంచి రోజు దొరకలేదా అని కోపమొచ్చింది. కక్కలేక మింగలేక ఆగస్టు దాకా బతికాను.

జుమకదీర్ ఆగస్టు మూడోవారం వచ్చాడు, మా వీధి పెద్దాయన్ని వెంటబెట్టుకుని. వాకిట్లో ఆప్రికాట్ చెట్టు నీడన మామగారు బట్ట పరిచి రొట్టెలు పెట్టించారు. పద్నాలుగు మంది పిల్లల్నీ పిలిపించారు. మెదెర్ కూడా సెలవు పెట్టి వచ్చాడు, తండ్రి పక్కన కూర్చున్నాడు. నేను టీ పోస్తూ ఒక పక్కన నిలబడ్డాను.

"నేను ఎవర్నీ కొట్టను, తిట్టను," అన్నారు మామగారు. "ఒక్కొక్కరూ రండి. రొట్టె మీద చెయ్యి పెట్టి, ఈ పనిశాలలో నా చేత్తో ఏ చెడూ జరగలేదు, జరిగుంటే ఈ రొట్టె నన్ను కొట్టాలి, అనండి. నాకంతే చాలు."

మా దగ్గర రొట్టె మీద ఒట్టంటే ముసలి దొంగలు కూడా వెనకాడతారు. ముగ్గురు పిల్లలు వచ్చారు, ఒట్టేశారు, వెళ్ళారు. నాలుగోవాడు గుల్జిగిత్. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెయ్యి చాపాడు. రొట్టె దాకా వచ్చిన చెయ్యి ఆగిపోయింది.

"అను," అన్నారు మామగారు.

వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"చూశారా," అన్నారు మామగారు పెద్దాయనతో, నెమ్మదిగా. జుమకదీర్ నిట్టూర్చాడు. మా ఊళ్ళో ఇక వాణ్ణి ఎవరూ పనిలోకి రానివ్వరు. పదహారేళ్ళవాడు.

టీ కూజా కింద పెట్టాను.

"వాణ్ణి వదిలెయ్యండి మామయ్యా. కర్ర కోసింది నేను."

అందరూ తిరిగి చూశారు.

"కొస చీలి ఉంటే సరిచేద్దామనుకున్నాను. ఎక్కువ పోయింది. చెప్పడానికి భయమేసింది. పిల్లలకేం తెలియదు. వాళ్ళు మీరిచ్చిన కర్రకి కోశారు."

మెదెర్ మొహం తిప్పుకున్నాడు. మామగారు మాత్రం నన్నే చూస్తున్నారు. వేసవి అంతా వెతుకుతున్న వస్తువు దొరికిన మనిషిలా లేరు, అది నాకు బాగా గుర్తుంది.

"ఎంత కోశావ్?"

"అరజానకి పైన."

"ఒప్పుకుంది కదండీ," అంది గడపలోంచి మా అత్తగారు. "ఇక వదిలెయ్యండి. చిన్నపిల్ల. అతిథులు టీ తాగనీ."

అక్కడే పొరపాటు జరిగింది. ఆరేళ్ళలో మా అత్తగారు నన్ను వెనకేసుకురావడం ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆవిణ్ణి చూశారు, నన్ను చూశారు. లేచారు.

"అరజాన పోయుంటే తొమ్మిదిన్నర ఉండాలి," అంటూ కొత్త వాసం ఒకటి తెచ్చి ఒడిలో పెట్టుకున్నారు. "పెద్దాయనా, మీరు చూడండి. తర్వాత నా మీద మాట రాకూడదు."

"వద్దు మామయ్యా," అన్నాను.

ఆయన వినలేదు. బొటనవేలు కొసన పెట్టి జాన సాచారు. ఒకటి. రెండు. బయటికి లెక్కపెడుతూ. వీధి పెద్దాయన మెడ సాచి చూస్తున్నాడు. ఎనిమిది. తొమ్మిది. పది.

నడిమివేలు వాసం కొస మీద సరిగ్గా ఆగింది.

మళ్ళీ మొదటి నుంచి కొలిచారు, ఈసారి పైకి అనకుండా. పదే. పాత వాసం అందుకున్నారు, పన్నెండేళ్ళ కిందట తనే చేసినది. పది అయ్యాక ఇంకా అరజాన దాటి మిగిలింది.

"ఎండిన కొయ్య పెరగదు కదా ఉస్తా," అన్నాడు జుమకదీర్, చాలా మెల్లగా.

"పెరగదు," అన్నారు మామగారు.

కుడిచేతిని తొడ మీద పెట్టి, ఎడంచేత్తో ఆ నడిమివేలిని నొక్కి తిన్నగా చేయబోయారు. అవలేదు. మా అత్తగారు తలగుడ్డ కొంగుతో నోరు మూసుకుంది.

ఆయన గుల్జిగిత్ వైపు తిరిగారు. వాడింకా మోకాళ్ళ మీదే ఉన్నాడు.

"నువ్వేం చేశావురా మరి?"

"ఉలి మొన విరగ్గొట్టాను తాతా. చెక్కపేళ్ళ కుప్పలో దాచాను. ఏ చెడూ అన్నారు కదా మీరు."

"అంతేనా?"

"అంతే."

"నలభై విరగ్గొట్టుంటాను నేను. లే."

తర్వాత జుమకదీర్‌తో అన్నారు, "తప్పు నాది. నా చెయ్యి కురచైంది, నాకు తెలియలేదు. పది రోజుల్లో కొత్త వాసాలు నీ గుడారం దగ్గరుంటాయి. వంచేది నేను. కోసేది ఈ పిల్లలు. కొలిచేది..." అని ఆగి, నా వైపు చూడకుండానే గడ్డంతో చూపించారు. "అది కొలుస్తుంది."

జుమకదీర్ సరేనని గుండెల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

నేను కూజా అందుకోబోయాను.

"ఇలా రా," అన్నారు మామగారు.

వెళ్ళి బట్ట అంచున కూర్చున్నాను. మగవాళ్ళ మధ్య అక్కడ కూర్చోవడం అదే మొదలు.

"రొట్టె ముందు అబద్ధమాడావు."

"ఆడాను మామయ్యా."

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"జూలై నుంచి."

"నేనేమో జూలై నుంచి నీ సంచీ వెతికిస్తున్నాను," అన్నారు. మెదెర్ తల వంచుకున్నాడు.

అతిథికి ముందు పెట్టాలి రొట్టె. పెద్దాయనకి ముందు పెట్టాలి. మామగారు రెండు అరచేతుల మధ్య రొట్టె ఇరికించి, తిన్నగా సాగని వేళ్ళతో తంటాలు పడుతూ, సాయం చేయబోయిన మెదెర్ చేతిని తోసేసి, అందరి ముందూ దాన్ని విరిచారు. మొదటి ముక్క నా చేతిలో పెట్టారు.

నేను తినలేకపోయాను. అబద్ధపు నోరు కదా, భయమేసింది.

"తిను," అన్నారాయన. "అది ఎవర్నైనా కొట్టాలనుకుంటే నన్ను కొడుతుంది. నువ్వు తిను."

నేను ఏడుస్తూనే తిన్నాను.